నా దుప్పటి, మాషీమా చీరలు, చిన్నాన్న తేనెటీగలు

కలకత్తా వెళ్లొచ్చానని తెలియగానే మా వీధిలో వాళ్లు కాళీఘాట్ చూశావా, ట్రామెక్కావా అని వరసగా అడుగుతున్నారు. కాళీఘాట్ చూడలేదు. ట్రామెక్కలేదు. ఉన్నది ఐదు రోజులు. అందులో మూడు రోజులు ఏక్‌బాల్‌పూర్‌లో ఒక మేడ మీద, ఒక చెక్కపెట్టె ముందు పీట వేసుకుని కూర్చున్నాను. ఇదేం యాత్ర అని మా ఆయన నవ్వుతున్నాడు. నవ్వనీ.

ముందు నా సంగతి చెప్పాలి. శ్రీకాకుళంలో ఒక ఆస్పత్రి ఆపరేషన్ థియేటర్లో ముప్పై ఏళ్ల పైచిలుకు నర్సుగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగం పోయింది గానీ దాంతో పాటు వచ్చిన శుభ్రం పిచ్చి పోలేదు. ఊరికెళ్తే చీరల కన్నా ముందు ఫినాయిలు సీసా, తెల్ల దుప్పటి సర్దుకుంటాను. ఎవరింటికెళ్లినా ఆ దుప్పటి మీదే పడుకుంటాను. ఇంకొకరు దాని మీద కూర్చున్నారంటే ఆ రాత్రికి నాకు జాగారమే. మా ఆయనకి కూడా స్నానం చేశాకే ప్రవేశం.

సంత్రాగాఛి

రైలు బుధవారం పొద్దున సంత్రాగాఛిలో దింపింది. దిగకముందే ఒక నష్టం జరిగిపోయింది. నేను మొహం కడుక్కోడానికి వెళ్లిన ఐదు నిమిషాల్లో, ఖరగ్‌పూర్‌లో ఎక్కిన ఒకావిడ నా దుప్పటి మీద బాసింపట్టు వేసుకుని మరమరాల్లో పచ్చిమిరపకాయ కొరుక్కుంటోంది. నన్ను చూసి మర్యాదగా జరిగి, నా దుప్పటి మీద నాకే చోటిచ్చింది. పైగా గుప్పెడు మరమరాలు చేతిలో పోసింది. ఆవనూనె ఘాటు ముక్కుకెక్కింది. బాగానే ఉన్నాయి, తిన్నాను. దుప్పటిని మాత్రం మనసులో అప్పుడే ఉతికేశాను.

మా చిన్నాన్న స్టేషనుకొచ్చాడు. నాకంటే తొమ్మిదేళ్లే పెద్ద. అయినా అరవై దాటిన నన్ను ఇప్పటికీ పాప అనే పిలుస్తాడు. ఖిదిర్‌పూర్ డాక్‌లో క్రేను నడిపి రిటైరయ్యాడు. చొక్కా గుండీలు ఒక కాజా తేడాగా పెట్టుకున్నాడు, చెవి మీద సగం కాల్చి ఆర్పిన బీడీ ఉంది. నా సంచి అందుకుని వాసన చూశాడు.

"ఏటి పాపా, ఆస్పత్రి మొత్తం సంచీలో ఎట్టుకొచ్చీసినావేటి?" అన్నాడు.

స్టేషను బయట మట్టి ముంతలో టీ తాగాం. పది రూపాయలు. తాగేశాక ముంతని బుట్టలో పడేస్తారు, ఇంకొకరి నోటికి అది వెళ్లదు. మా ఊళ్లో ఒకే బకెట్లో ముంచి తీసే గాజు గ్లాసులు గుర్తొచ్చి, ఈ ఒక్క పనికి బెంగాలీ వాళ్లకి నూటికి నూరు వేశాను.

బస్సు హుగ్లీ మీద పెద్ద వంతెన ఎక్కినప్పుడు చిన్నాన్న అసలు సంగతి చెప్పాడు. మేడ మీద ఆయనకి తేనెటీగల పెట్టె ఒకటుంది. రిటైరయ్యే ముందు నెలలో క్రేను కాబిన్ కింద గుంపు కట్టాయట. మిగతావాళ్లు కాగడా పెట్టి కాల్చేద్దామంటే, ఈయన టీ పెట్టె చెక్కలతో ఒక ఇల్లు కొట్టి, సాయంత్రం వాటిని అందులోకి ఎక్కించి, రిక్షాలో ఇంటికి తెచ్చుకున్నాడు. ఇప్పుడు ఇంటి యజమానురాలు ఆదివారంలోగా ఆ పెట్టె తీసేయమంది. తీయకపోతే పొగపెట్టే మనిషిని పిలిపిస్తానంది. ఆదివారం సరస్వతీపూజ. ఏటా అదే మేడ మీద ఆవిడే చేయిస్తుంది.

"ఎన్ని ఓడల సరుకు దించినానో నెక్క నేదు. ఇంటికి తెచ్చుకున్నది ఇదొక్కటే," అన్నాడు చిన్నాన్న, కిటికీలోంచి నీళ్లకేసి చూస్తూ.

నేను జాలిపడ్డాను. ఆ జాలి మేడ ఎక్కేదాకా మాత్రమే ఉంది.

ఏక్‌బాల్‌పూర్

పై అంతస్తులో రెండు గదులు చిన్నాన్నవి, మిగతాదంతా ఖాళీ మేడ. తూర్పు గోడ దగ్గర పెట్టె ఉంది. దానికి బొటనవేలు పట్టేంత గుమ్మం, గుమ్మం ముందు చిన్న చెక్క. ఆ చెక్క కింద గచ్చు మీద చచ్చిన ఈగలు పాతిక దాకా పడున్నాయి. వాటి మధ్య బియ్యపు గింజల్లాంటి తెల్ల పురుగులు, చీమల బారు, రెండు బీడీ ముక్కలు. బీడీ ముక్కలు ఈగలవి కావని చెప్పనక్కర్లేదు.

ఇలాంటిది మా థియేటర్ గుమ్మంలో కనిపిస్తే ఎవరి ఉద్యోగమూ ఉండేది కాదు.

యజమానురాలు మాషీమాని ఆ మధ్యాహ్నమే చూశాను. మాషీమా అంటే వాళ్ల భాషలో పిన్నిగారు, పెద్దావిడని అందరూ అలాగే పిలుస్తారు. డెబ్బై ఐదు దాటి ఉంటాయి, తెల్ల చీర, కళ్లద్దాలు. చేతులు కడుక్కునే ముందు కుళాయిని కడిగింది. చేతులు కడుక్కున్నాక మళ్లీ కుళాయిని కడిగింది. ఇలాంటివాళ్లకి శుచిబాయి ఉందంటారని చిన్నాన్న భార్య, మా పిన్ని, నా చెవిలో చెప్పింది. మనం మడి అంటామే, అది దానికి చెల్లెలు. నాకు మాత్రం ఆవిడని చూడగానే ప్రాణం లేచొచ్చింది. దేశంకాని దేశంలో మనూరి మనిషి కనబడ్డట్టు అనిపించింది.

మాషీమా తన చీరలు తెచ్చి చూపించింది. తెల్లటి నేత చీరల మీద ఆవగింజంత పసుపు చుక్కలు. నెలలో మూడుసార్లు ఇలాగే అయ్యాయట. ఉతికితే పోవట. నోంగ్రా, నోంగ్రా అంటూ పెట్టె వైపు వేలు చూపించింది. ఆ మాటకి అర్థం మురికి అని ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలిసింది. నాకొచ్చిన అరకొర హిందీలో, మీరన్నది నిజమే, తీసేయాల్సిందే అన్నాను. చిన్నాన్న నావైపు చూసి, చెవి మీద బీడీ తీసి ముట్టించుకున్నాడు.

ఖిదిర్‌పూర్ బజారు

సాయంత్రం పిన్ని, చిన్నాన్న నన్ను బజారుకి తీసుకెళ్లారు. ఒక పక్క చేపలు, ఒక పక్క రేడియో సామాన్లు, మధ్యలో తెలుగు. ఒక ఉల్లిపాయలాయన పిన్నితో మా టెక్కలి యాసలో బేరమాడి, పక్కనున్న బెంగాలీ ఆయనతో బెంగాలీలో తిట్లాడి, ఫోనులో కొడుకుతో హిందీలో మాట్లాడాడు. మూడూ ఒక్క ఊపిరిలోనే.

కొత్త ఖర్జూరబెల్లం వచ్చే కాలం అది. మిఠాయి కొట్లో ఆ బెల్లంతో చేసిన సందేశ్ పళ్లెం మీద నాలుగు తేనెటీగలు వాలి ఉన్నాయి. నేను రెండడుగులు వెనక్కి వేశాను. చిన్నాన్న మాత్రం కొట్టువాడికి చూపించి గర్వంగా, "మనయే," అన్నాడు. ఎలా తెలుసని అడిగితే, ఈ పేటలో ఇంకెవరికున్నాయి అన్నాడు. ఈగలు వాలని అడుగు వరసలోది ఏరించుకుని తిన్నాను. నోట్లో వెన్నలా కరిగింది. ఇంకోటి తిన్నాను, అది ఏ వరసలోదో చూడలేదు.

రేగుపళ్లు కనిపిస్తే కొని రెండు నోట్లో వేసుకున్నాను. పిన్ని చెయ్యి పట్టుకుని లాగేసింది. సరస్వతీపూజకి ముందు ఇక్కడెవరూ రేగుపండు ముట్టరట, ముడితే పరీక్ష తప్పుతారట. మా దగ్గర అంతకుముందే భోగినాడు పిల్లల నెత్తిన బుట్టెడు దిమ్మరిస్తాం కదా అన్నాను. నాకింక రాయాల్సిన పరీక్షలు లేవు కాబట్టి మూడోది కూడా తిన్నాను. పరీక్ష తెల్లారే ఉందని నాకేం తెలుసు.

నా ఘనకార్యం

గురువారం పొద్దున నేను అందరికన్నా ముందు లేచాను. చిన్నాన్నకి సాయం చేద్దామన్న మంచి మనసుతోనే. మేడంతా శుభ్రంగా ఉంటే మాషీమా మనసు మారుతుందేమో అనుకున్నాను. చచ్చిన ఈగల్ని ఊడ్చాను, గచ్చు కడిగాను. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? గుడ్డ ఫినాయిల్లో ముంచి, పెట్టె గుమ్మాన్ని, ముందున్న చెక్కని నిగనిగలాడేలా తుడిచాను. ఇంటి గుమ్మం కడక్కుండా రోజు మొదలుపెట్టడం మాకు అలవాటు లేదు. ఈగలది మాత్రం ఇల్లు కాదా అనుకున్నాను.

పావుగంటలో పెట్టెలోంచి ఈగలన్నీ బయటికొచ్చేశాయి. చెక్క మీద ఒక్కటీ వాలడం లేదు. పెట్టె పక్క గోడకి గుమ్మడికాయంత ముద్దగా వేలాడుతూ హోరెత్తుతున్నాయి. చిన్నాన్న పరుగెత్తుకొచ్చి, వాసన చూసి, అంతా అర్థమై అలా నిలబడిపోయాడు. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. సగం తొడుక్కున్న చొక్కాతో నిలబడి ఆ ముద్దనే చూస్తున్నాడు.

"ఎల్లిపోతాయా చిన్నాన్నా?" అని అడిగాను.

"పిల్లలు నోపలున్నాయి. ఆటికోసం ఆగితే ఆగుతాయి. కంపు కొట్టే ఇంట్లో మాత్రం ఉండవు పాపా, ఎంత కట్టుకున్న ఇల్లయినా ఒగ్గీసి ఎల్లిపోతాయి," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఆదివారం దాకా గడువున్న పెట్టెని నేను గురువారమే ఖాళీ చేయించేశాను.

ఆయన చెక్క ఊడదీసి మేడ అవతల పారేశాడు. గుమ్మాన్ని కత్తితో గీకి, మంచినీళ్లతో పదిసార్లు కడిగాడు. కొత్త చెక్క ముక్క కొట్టి, దానికి పాత మైనం రుద్దాడు. ఇక చూడ్డం తప్ప చేసేదేం లేదన్నాడు. పీట తెచ్చుకుని నేనూ కూర్చున్నాను. పిన్ని అన్నం అక్కడికే తెచ్చింది.

మధ్యాహ్నం మూడు గంటలకి పది ఈగలు వాలాయి. లోపలికి పోకుండా ముందు కొత్త చెక్కని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నోటితో గీరి గీరి తోమాయి. మా థియేటర్లో కొత్త నర్సులు బల్ల అంత శ్రద్ధగా తుడిచి ఉంటే నేను అన్నేళ్లు గొంతు చించుకునేదాన్ని కాదు. పొద్దు వాలే వేళకి ముద్ద కరగడం మొదలైంది. బారులు తీరి లోపలికి నడిచాయి. చిన్నాన్న తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. చెమటని తుడుచుకున్నట్టు నటించాడు గానీ, మాఘమాసంలో చెమటేమిటి?

అప్పుడు చూశాను అసలైన పని. లోపల్నుంచి ఒక ఈగ తనంత ఉన్న చచ్చిన ఈగని కాలు పట్టి ఈడ్చుకొచ్చింది. ఎత్తి ఎగరబోయి, బరువుకి బొక్కబోర్లా నా కాళ్ల దగ్గర పడింది. మళ్లీ లేపింది. మళ్లీ పడింది. మూడోసారి ఎలాగో పిట్టగోడ దాటించి, కనబడనంత దూరం మోసుకుపోయింది. ఇంట్లో శవం ఉండనివ్వవని, ఆ పనికి వేరే బ్యాచీ ఉంటుందని చిన్నాన్న చెప్పాడు. మోయలేక జారవిడిచినవే ఆ గచ్చు మీదవి. వాటిని ఊడవాల్సింది చిన్నాన్న, ఆయన ఊడవడు.

తెల్ల పురుగుల సంగతి అడిగాను. అవి ఈగల పిల్లలేనట. మరి పిల్లల్ని చంపుకుంటాయా అన్నాను.

"జబ్బు చేసినయ్యి. మైనం మూత తీసి సూస్తాయి. బాగోకపోతే లాగి బయట పారెస్తాయి, మిగతాయాటికి అంటకుండా. పుట్టిన ఈగకి మొదటి డూటీ ఏటనుకున్నావు? గదులు తుడవడమే. తుడిసిన గదిలోకి రాణీ తల ఎట్టి సూసి, నచ్చితేనే గుడ్డెడతాది," అన్నాడు.

వినగా వినగా నాకు సిగ్గేసింది. ముప్పై ఏళ్లు నేను చేసిన డ్యూటీని ఈ పెట్టెలో వేల మంది జీతం లేకుండా చేస్తున్నారు. వాళ్ల గుమ్మానికి నేను ఫినాయిలు పూశాను.

మంచు

శుక్రవారం పొద్దున లేచేసరికి ఎదురింటి మేడ లేదు. మంచు మింగేసింది. ఓడల కూతలు వినపడుతున్నాయి గానీ ఏ వైపు నుంచో తెలియదు. పెట్టె గుమ్మం నిశ్శబ్దంగా ఉంది. నేను పీట వేసుకుని కూర్చుని ఆలోచించాను. ఇంత శుభ్రమైన జీవులు మాషీమా చీరల మీద మాత్రం ఎందుకు పాడు చేస్తున్నాయి?

నర్సుని కదా, రోగి చరిత్ర అడగడం మొదలుపెట్టాను. చుక్కలు పడ్డది ఏ రోజుల్లో అని పిన్నిని అడిగితే, ఆవిడ తన లెక్కలో చెప్పింది. మొదటిసారి రెండు రోజులు ముసురు పట్టి అప్పడాలు బూజెక్కిన మర్నాడు. రెండోసారి మంచుకి బస్సులు ఆగిపోయిన మర్నాడు. మూడోదీ మంచు విడిచిన పొద్దునే. మిగతా రోజుల్లో ఒక్క చుక్కా లేదు.

చిన్నాన్నకి చెబితే ఆయన ఇదేం కొత్త అన్నట్టు చూశాడు. ఈగలు ఇంట్లో దొడ్డికి పోవట. ఎన్ని రోజులైనా బిగబట్టుకుని కూర్చుంటాయట. ఎండ రాగానే అన్నీ ఒక్కసారి బయటికొచ్చి, గాల్లో తిరుగుతూ కానిచ్చుకుంటాయి. పెట్టె ముందే మాషీమా బట్టల తాడు ఉంది, కింద ఎండ తగలడం లేదని ఈ చలికాలమే అక్కడికి మార్చిందట. ఇన్నాళ్లూ ఈ మాట ఆవిడకెందుకు చెప్పలేదని అడిగాను.

"అంత పెద్దావిడికి ఆ మాటెలా సెప్పాల పాపా?" అన్నాడు. సిగ్గుపడి పెట్టె పోగొట్టుకోబోతున్నాడు మహానుభావుడు.

నాకా సిగ్గు లేదు. ఉద్యోగంలో సగం మాటలు దాని గురించే. శనివారం మంచులోనే కిందికి దిగి, కాళ్లు కడుక్కుని మాషీమా గుమ్మంలోకి వెళ్లాను. సగం హిందీ, సగం చేతులు. ఆవిడ అంతా వింది. వాటి ఇల్లు శుభ్రంగా ఉంచుకోడానికి నా చీరలే దొరికాయా అంది. న్యాయమైన ప్రశ్నే. ఇల్లు ఊడ్చి చెత్త వీధిలో పోసే వీధి మాది, నేనేం జవాబు చెప్పగలను? ఒక్కటే అన్నాను. రేపు ఎండ వస్తే అవి అన్నీ బయటికొస్తాయి, అప్పటిదాకా బట్టలు ఆరేయకండి, ఎల్లుండి నుంచి నిశ్చింతగా ఆరేసుకోండి. నా మాట తప్పయితే పొగవాడిని పిలవండి.

రేపు పూజ కదా, విగ్రహం ఆ తాడు పక్కనే కదా అంది మాషీమా. పూజ వేళకి ఎండొస్తే అమ్మవారి మీద పడవా?

ఈ మాట నేను ఆలోచించలేదు. విగ్రహం పైన పందిరి గుడ్డ కట్టాలి. ఆవిడ చీర కట్టమనే ధైర్యం నాకు లేదు. పిన్ని పాత చీర ఆవిడ ఒప్పుకోదు. ఇక మిగిలింది ఒక్కటే. మేడెక్కి, నా దుప్పటిని మళ్లీ ఉడకేసి ఉతికి, ఇస్త్రీతోనే ఆరబెట్టి తెచ్చాను. మాషీమా కళ్లద్దాలు సర్దుకుని, నాలుగు అంచులూ తిప్పి చూసి, వాసన చూసి, మొదటిసారి నవ్వింది. నన్ను నర్స్ దీదీ అంది. ఆ బిరుదు బాగానే ఉంది గానీ, నా దుప్పటి అప్పటికే నా చేతుల్లో లేదు.

సరస్వతీపూజ

మనకి శ్రీపంచమి అంటే పలకా బలపం, అక్షరాభ్యాసం. ఇక్కడ వీధంతా పసుపు చీరలే. ఐదేళ్ల పిల్ల నుంచి అమ్మమ్మ దాకా పసుపు. పుస్తకాలన్నీ తెచ్చి అమ్మవారి పాదాల దగ్గర పెట్టేశారు, ఆ రోజు చదవకూడదట. ఇలాంటి దేవతని మా చిన్నప్పుడు మాకెవరూ పరిచయం చేయలేదు. కిచిడీ ఉడుకుతోంది. నా దుప్పటి అమ్మవారి మీద, నాలుగు వెదురు బద్దలకి కట్టి ఉంది. మాషీమా తాడు మీద ఒక్క గుడ్డ లేదు.

తొమ్మిదింటిదాకా మంచు కదల్లేదు. చిన్నాన్న గుండీలు ఆ రోజు సరిగ్గా పెట్టుకున్నాడు. పంతులు మంత్రం చెబుతుంటే అందరూ పూలు పట్టుకుని కళ్లు మూసుకున్నారు. నేను మాత్రం పెట్టెనే చూస్తున్నాను. మంచు పలచబడి గచ్చు మీద ఎండ పడింది. గుమ్మంలో ఒక ఈగ తల పెట్టింది, తర్వాత పది, తర్వాత లెక్కలేనన్ని. గాలంతా గింగురుమంది. ఎవరినీ ఏమీ అనలేదు. మా నెత్తి మీదుగా రెండు చుట్లు తిరిగాయి, నా దుప్పటి మీద టపటపమని చినుకులు పడ్డాయి. కింద పసుపు చీరల మీద ఎన్ని పడ్డాయో ఆ సరస్వతికే తెలియాలి.

పది నిమిషాల్లో అంతా అయిపోయింది. ఈగలు పనుల్లోకి వెళ్లిపోయాయి. మాషీమా ఖాళీ తాడు చూసింది. నా దుప్పటి చూసింది. పెట్టె ముందుకెళ్లి వంగి నిలబడింది. అప్పుడే ఒక ఈగ చచ్చినదాన్ని ఈడ్చుకొస్తోంది. అది ఎత్తలేక పడితే మాషీమా నోట్లోంచి అయ్యో లాంటి మాటేదో వచ్చింది. అది లేచి పిట్టగోడ దాటేదాకా కదల్లేదు. మాషీమా వెనక్కి తిరిగి, "థాక్," అంది.

ఉండనీ అని. చిన్నాన్న నాకు తెలుగు చేసి చెప్పబోయి, మళ్లీ తువ్వాలు అందుకున్నాడు. ఆ తర్వాత మాషీమా బెంగాలీలో ఇంకో మాట అంది, అది పిన్ని చెప్పింది. ఈగలుంటాయి సరే, ఆ బీడీ ముక్కలు మాత్రం రేపట్నుంచి కనబడకూడదట. తర్వాత నా విస్తట్లో రేగుపళ్ల చట్నీ రెండుసార్లు వేసింది.

ఇంటికొచ్చాక

దుప్పటి రెండుసార్లు నానబెట్టాను. పదకొండు చుక్కలు పోలేదు. పారేస్తావా అని మా ఆయన అడిగాడు. లేదన్నాను. మొన్న దాని మీద ఆయన కాళ్లు కడుక్కోకుండా కూర్చుంటే చూసి కూడా ఊరుకున్నాను. ఆయనే భయపడి లేచిపోయాడు.

నిన్న చిన్నాన్న ఫోను చేశాడు. ఈగలు బాగున్నాయట, బీడీలు తగ్గించాడట, తప్పక. మాషీమా ఎలా ఉందని అడిగాను.

"బకెట్టట్టుకుని పొద్దున్నే పైకొస్తాది పాపా," అన్నాడు. "పీటేసుకుని పెట్టె ముందు కూకుంటాది. అయి బయటికెళ్లొచ్చీదాకా ఉండి, అప్పుడు ఆరెడతాది బట్టలు."